ఉడుకునీళ్ల నల్లా

రామగిరి దుకాణంల ఖలీల్ భాయ్ మూడు నల్లాలు తీసి
అద్దాల బల్ల మీద పరిచిండు,
పెండ్లి సంబంధాల ఫోటోల లెక్క.
ఒకటి హంస మెడ.
ఒకటి నల్లగ, మడిల కొంగ నిలబడ్డట్టు.
ఒకటి పొట్టిది, సోకు లేనిది, పక్కకు పొడుగు పిడి.
"ఇట్ల తిప్పుడే అమ్మా, మసిలే నీళ్లు.
గ్యాసొద్దు, గంజొద్దు, ఎదురుచూసుడొద్దు."

ఎదురుచూసుడొద్దన్న మాటకే నేను సగం ఒప్పుకున్న.
పెద్దాసుపత్రిల రాత్రి డ్యూటీ దిగి
ఆరున్నరకు తాళం తీసుకొని లోపలికొస్తే
చాయ్ నీళ్లు మసిలే ఆ నాలుగు నిమిషాలు
గోడకానుకొని నిలబడే నిద్రపోత.
రెండు గిన్నెలు మాడినయి. ఒకసారి చున్నీ అంచు.

ధర చెప్పిండు.
లింగస్వామి నా దిక్కు చూడలే,
పైన తిరిగే ఫ్యాను దిక్కు చూసిండు.
నేను మనసుల లెక్కేసిన:
రోజుకు నాలుగు నిమిషాలు, నెలకు రెండు గంటలు,
ఏడాదికి నిండుగ ఒక పగలు, ఒక రాత్రి.
అంత నిద్ర ముప్పై ఆరు వేలకు
ఇంకెవరమ్ముతరు?

"మీది బోరా, కృష్ణ నీళ్లా?"
"రెండూ."
"బోరైతే లోపల ట్యాంకికి సున్నం పడతది.
ఆరు నెలలల్ల గొంతు మూసుకుంటది.
ఫిల్టరు పెట్టాలె. దాని పైసలు వేరే."

సున్నం అనంగనే
మర్రిగూడల బస్సులాగేకాడ మా నాయిన చాయ్ హోటలు.
డేగిసా లోపల తెల్లటి పెచ్చు.
ఆదివారం పూట చింతపండేసి గీకేదాన్ని,
గోడ సున్నం లెక్క పలకలు పలకలు లేసేది.
"మంచిగ మసలనియ్యి బిడ్డా, అన్ని పోతయి"
అనేటోడు నాయిన.
పురుగులు పోయినయి.
అది పోలే.
ఆవిరంత పైకి పోయింది, అది అడుగుకు నిలిచింది,
మసిలినకొద్దీ చిక్కబడ్డది,
గలాసు గలాసుకు ఊరంత తాగింది.

నర్సు చదువు రెండో ఏడు,
ఒక పేజీల ఈ ముచ్చట చదివి
పుస్తకం మూసి హాస్టలు మెట్ల మీద కూసున్న.
నాయినకు చెప్పలే.
అప్పటికే ఎవరన్న పిలిస్తే
ఆయన మెడ తిరగకపోయేది, మనిషే తిరిగేటోడు.

"ఏదో ఒకటి తీస్కోరాదు" అన్నడు లింగస్వామి.
నా మనసు హంస మీదుంది, ఎందుకు అబద్ధం.
అంతల మా అత్త అండాలు
స్టూలు మీదికెళ్లి మెల్లగ లేసింది.
"నన్ను సూడనియ్యి."

హంసకు పిల్లల తాళం ఉంది:
ఒక వేలుతోని ఒత్తి పట్టి, ఇంకో చేత్తోని తిప్పాలె.
అత్త వేళ్లు ఒత్తుతయి గని పట్టవు.
పడితే మళ్ల ఇడువవు.
రెండు సార్లు చూసింది. మూడోసారి నవ్వింది.
కొంగ దగ్గరకు పోలే.
పొట్టిదాని పిడి మీద అరచేతి మడిమ ఆనిచ్చి
కిందికొత్తి పక్కకు నెట్టింది.
టక్కున తిరిగింది.

నీళ్లు రాలే. దుకాణంల నల్లాకు నీళ్లేడియి?
ఐనా మా అత్త ఎన్కకు జరిగి
కొంగు అడ్డం పెట్టుకున్నది.
"అగ్గి ఏడుంటది దీనికి?"
"సింకు కింద డబ్బాల ఉంటది అవ్వా, కనబడదు."
"గట్లనా" అన్నది, మోకాలు రాసుకుంట.

పన్నెండు నెలల వాయిదాలు. ఫిల్టరుతోని పదమూడు.
బిగించెటప్పుడు ప్లంబరు యాదగిరి అన్నడు,
ఇంకొంచెం పెడితే హంసే వచ్చునని.

మొదటి పొద్దు నేను డ్యూటీ దిగొచ్చి
ఎప్పటి లెక్కనే గోడకానుకున్న.
కండ్లు మూసుకపోయినయి.
"సువర్ణా, ఓ సువర్ణా" అని అత్త పిలుస్తున్నది.
బల్ల మీద గలాసు,
పైన మీగడ కట్టిన చాయ్.
"నీళ్లు నీ కోసం ఆగలే బిడ్డా,
నేనే పోసిన."