ఉతికిన చొక్కా

సఖినేటిపల్లి రేవులో పంటు దిగి
సైకిల్ నడిపించుకుంటూ వచ్చావు.
రెండేళ్ళు. మీసం వచ్చింది నీకు.
పెద్దకర్మ కూడా అయిపోయింది, ఎవరూ చెప్పలేదా?

అప్పట్లో నీ బెల్లు మోగితే
లేసు అల్లికలో నా లెక్క తప్పేది.
ఇప్పుడు రొయ్యల చెరువు మీద
ఏరియేటర్ తిరిగినా చెవులు మూసుకుంటాను.
అన్న ఆ తీగే పట్టుకున్నాడు,
తడి చేత్తో.

నువ్వేదో అంటున్నావు,
జవాబివ్వని ఉత్తరం గురించి, మీ నాన్న బదిలీ గురించి.
నేను నీ చేతిలో కవరే చూస్తున్నాను.
వాడు నీకిచ్చిన గళ్ళ చొక్కా!
లాక్కుని మొహం దాచుకున్నాను.

సబ్బు వాసన.
కాలరు మడత మీద ఇస్త్రీ వెచ్చన.

ఎందుకు ఉతికావు, గిరీ?

లోపల్నుంచి అమ్మ: "ఎవరే వచ్చిందీ?"
"అన్న స్నేహితుడమ్మా" అన్నాను.