వీపుల మీది పేర్లు

అక్టోబరులో ముందు రింకు గడ్డకడుతుంది,
తర్వాత నది.
ఆ రెంటి నడుమ దొరికిన పదిరోజుల్లో
ఒడెట్ థెరియో కుట్టుమిషనుకి నూనె వేసుకుంటుంది.

కాగితం మిల్లు మూతపడ్డాక ఊరికి మిగిలినవి
రెండు చర్చిలు, ఒక టైర్ల కొట్టు,
'ముళ్ళపందులు' అనే హాకీ జట్టు.
కొట్టుకీ జట్టుకీ యజమాని గూడ్రోనే.
ఒకదాని నష్టం ఇంకోదాంట్లో పూడుస్తుంటాడు.

జెర్సీ వీపు మీద పేరు కుడితే నాలుగు డాలర్లు,
ఊడదీస్తే రెండు.
కుట్టడం కన్నా విప్పడమే కష్టమయ్యా అని
ఏటా చెబుతుంది.
ఏటా అతనికి అప్పుడే ఎవరో ఫోన్ చేస్తారు.

మొదటి వారం పదిహేడు పేర్లు.
లాట్వియా నుంచి వచ్చిన గోలీ క్రాస్టెన్‌బెర్గ్స్ పేరు
ఎడమ భుజం మీద మొదలై
కుడి చంకలోకి జారబోయింది.
మూడుసార్లు కొలిచి, విల్లులా వంచి కుట్టింది.
అతను అద్దానికి వీపు తిప్పి,
మెడ విరుచుకుని చదువుకున్నాడు.
బాగుందనడానికి అతనికింకా మాట రాదు.

టిబ్బెట్స్ అనే కుర్రాడు మంగళవారం వచ్చి
శుక్రవారం వెళ్ళిపోయాడు.
ఒక ఆట, నాలుగు నిమిషాలు, ఒక పన్ను.
అతని మూడు 'టి'లు బిస్కెట్ల డబ్బాలోకి చేరాయి.
వాటిలో ఒకటి ఇప్పుడు పెల్టియే వీపు మీద
గోళ్ళు మీద గోళ్ళు కొడుతోంది.

కాదు, గోల్స్ అనాలి.
ఆమెకి ఆట తెలియదు, వీపులు తెలుసు.
ఆరొందల మంది లేచి అరుస్తున్నప్పుడు,
ఎవరో ఎవర్నో చెక్కగోడకేసి కొట్టినప్పుడు,
ఆమె మాత్రం కుట్టు ఆగిందా లేదా అని చూస్తుంది.

జనవరిలో వరసగా తొమ్మిది ఓటములు.
పదకొండు గంటల బస్సు ప్రయాణం,
హీటరు పనిచేసేది డ్రైవరు కాళ్ళ దగ్గర మాత్రమే.
తెల్లారి నాలుగింటికి దిగి
ఎవరి కర్రలు వాళ్ళు మోసుకుంటూ
ఎవరి మొహమూ ఎవరూ చూడకుండా పోయారు.
ఆ వారమే పై లీగు నుంచి పెల్టియేకి పిలుపు.
అర్ధరాత్రి పెట్టె సర్దుకున్నాడు.
'టి' మళ్ళీ డబ్బాలోకి.

క్రోమార్టీకి మాత్రం ఏ ఫోనూ రాదు.
ముప్ఫై నాలుగేళ్ళు, ఏడు జట్లు.
వేసవిలో ఇళ్ళ పైకప్పులు వేస్తాడు,
చలికాలంలో దెబ్బలాడతాడు, అదే అతని కొలువు.
ఈ ఏడు ఒక్క గోల్ కొట్టాడు,
అదీ ఎవరో కొట్టింది అతని పిర్రకి తగిలి వెళ్ళింది.

ఫిబ్రవరిలో చిరిగిన చేతితో వచ్చాడు,
చొక్కా చెయ్యే.
కాఫీ తాగుతూ, ఊరికే కూర్చోవడం ఎందుకని
సూదిలో దారం ఎక్కిస్తానన్నాడు.
అయిదుచోట్ల విరిగి అతికిన వేళ్ళు.
పోగు తడిపాడు, మెలిపెట్టాడు, దీపం దగ్గరికి జరిగాడు.
నాలుగోసారి ఎక్కింది.
పిర్రతో కొట్టిన గోల్‌కి కూడా అంత నవ్వలేదు.

మార్చిలో అయిదు రెండు తేడాతో ఆఖరి ఆట పోయింది.
మర్నాడు గూడ్రో జట్టు అమ్మేశాడు,
నైరుతిలో ఎక్కడో, మంచు తెలియని ఊరికి.
జెర్సీలు ఖాళీ వీపులతో అప్పగించాలట.

ఇరవై రెండు పేర్లు.
రెండో రోజు సాయంత్రం క్రోమార్టీ వచ్చి
నాది నేనే విప్పుకుంటానన్నాడు.
కుట్టు విప్పే కొక్కెం అతని చేతిలో
చేప ముల్లంత కనిపించింది.
ఒక్కో పోగూ తెంపుతూ
ఆఖరి 'ఇ' దగ్గరికొచ్చేసరికి రాత్రయింది.
అక్షరాలు బల్ల మీద వరసగా పెట్టి,
ఒకసారి చూసుకుని,
తనే డబ్బాలో కలిపేశాడు.
టోపీ మర్చిపోయి వెళ్ళాడు.

నది పగిలే చప్పుడు ఆ రాత్రే మొదలైంది.
ఒడెట్ బిల్లు రాసింది:
ఊడదీసిన పేర్లు ఇరవై ఒకటి.
గూడ్రో ఇంకా ఇవ్వలేదు.