ఎప్పుడు లేయాల

బేతంచెర్ల. మధ్యాన్నం మూడు.
కరెంటు పోయి కోత మిషన్లు ఆగినాయి.
బండల నీడలో కూచున్నా, బీడీ ఎలిగించకుండా.

ఓనరు తెచ్చిన లాబ్రడారు పిల్ల, నాలుగు నెలలకే దూడంత.
మా ఎర్రది గొర్లమంద కుక్కకు పుట్టింది,
చెవులూ ఎముకలూ తప్ప ఏం లేదు.

పెద్దది మీద పడతాది.
చిన్నది కింద, నాలుగు కాళ్లూ ఆకాశానికి.
గుర్రుమంటాయి. పండ్లు కనపడతాయి.
"ఇడిపించు మద్దిలేటీ, సంపుతాది!"
నీళ్లతొట్టి కాడి నుంచి కాశింబీ.

ఆటేలే అక్కా.
తోక సూడు, అరుపు సన్నబడిందేమో ఇను.
అంటానే ఉన్నా గానీ
నా మోకాళ్లు సగం లేసే ఉండాయి.

మూడోసారీ అదే కిందుంటే
అప్పుడు లేసినా.
పెద్దదాన్ని సంకలకింద పట్టి ఎత్తినా,
అబ్బ, సిమెంటు మూట.
పో తల్లీ, దావ ఇడిసినా, పారిపో.

చిన్నది లేసింది. ఒళ్లు ఇదిలించింది.
పోలేదు.
వచ్చి నా లుంగీ కొస పట్టి పీకుతాది,
ఇడువు దాన్ని, ఇడువు అని.

ఇడిసినా.
పాలీషు పొడిలో పొర్లి పొర్లి
రెండూ తెల్లగా, ఏది ఓనరుదో ఏది నాదో
కాశింబీకి ఆనవాలు దొరకలే.

ఇప్పుడు ఎలిగించినా బీడీ.
కండ్లు మాత్రం ఆడనే.