వెంట్రుకవాసి

ముందు మూడు కాళ్ళూ కుదురుకోవాలి.
నల్లటి లావారాయి మీద నిలబెడితే జారతాయని
ఇల్డెబెర్టో ఒక్కో కాలికీ ఒక్కో గుంట తొలిచాడు,
ఉలితో, నేను పుట్టకముందు.
ఇప్పటికీ ఆ గుంటల్లోకే దిగుతాయి,
అలవాటైన చెప్పుల్లోకి పాదాల్లా.
నడుమ కొక్కేనికి ఇసుక సంచీ.
పీకో ద్వీపంలో గాలి ఊరికే పోదు,
దేన్నో ఒకదాన్ని తోసి పోతుంది.

తర్వాత జోడుగొట్టాల దుర్భిణి. ఏడు కిలోలు.
ఎత్తేటప్పుడు మెడ కింద చెయ్యి వెయ్యమనేవాడు,
చంటిపిల్లని ఎత్తినట్టు.
ఆయనకి పిల్లల్లేరు.

బిగించగానే చూడకూడదు.
రాత్రంతా గదిలో పడుకున్న వెచ్చదనం
అద్దాల్లో ఇంకా ఉంటుంది.
బయటి చలికి అవి అలవాటు పడాలి, అరగంట.
కాఫీ తాగు. సముద్రాన్ని ఉత్త కళ్ళతో చూడు.
ఉత్త కళ్ళతో చూడ్డం రానివాడికి
ఇరవై ఐదు రెట్లు చేసి చూపించినా ఒకటే, అంటాడు.

మొదట రెండు గుండ్రాలు కనిపిస్తాయి,
మాటల్లేని మొగుడూ పెళ్ళాల్లా, పక్కపక్కనే.
గొట్టాలు దగ్గరికి నొక్కు, ఒక్క గుండ్రం అయ్యేదాకా.
నా కళ్ళ నడిమి దూరం అరవై ఒకటి,
ఆయనది అరవై ఎనిమిది.
రోజూ పొద్దున్నే ఆయన ముఖాన్ని కాస్త నొక్కి
నా ముఖం చేసుకుంటాను.

ఇప్పుడు ఒక్కో కన్నూ విడివిడిగా.
కన్ను మూయకు, గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టు.
ఒక కన్ను మూస్తే రెండోదీ ముడుచుకుంటుంది.
రేవు చివర దీపస్తంభానికి ఇనుప నిచ్చెన ఉంది,
మెట్లు లెక్కపెట్టు.
పది కనిపిస్తే ఇంకా కుదరలేదు. పదకొండు.
అక్కడినించి ఇంకో వెంట్రుకవాసి తిప్పు,
తిమింగలం నిచ్చెన కంటే చాలా దూరం.

కుడి గొట్టం రింగు మీద గీతలున్నాయి.
మేకుమొనతో గీసినవి, ఒక్కోదాని పక్కన ఒక్కో ఏడు.
దుమ్ము తుడుస్తుంటే నిరుడు కనిపించాయి.
ఏడాదికో వెంట్రుకవాసి,
కుడికన్ను ఆయన్ని వదిలి వెళ్ళిన దారి.
తర్వాత గీతలు ఆగిపోయాయి.
ఆగాక కూడా మూడేళ్ళు
ఈ సన్నటి కిటికీ దగ్గర కూర్చుని
ఝాసింటో పడవకి రేడియోలో దారి చెప్పాడు, ఒంటికంటితో.
ఒక్కటీ తప్పలేదని రాయాలనుంది.
తప్పాయి. రెండుసార్లు పడవ ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.
నీళ్ళ మీద ఎండ, అన్నాడు. నమ్మాం.

కుర్రతనంలో ఇదే కిటికీలోంచి ఆయన చూపు ఆనితే
ఆకాశంలో తారాజువ్వ పేలేది,
ఈటెలు పట్టుకుని ఊరు ఊరంతా రేవుకి పరిగెత్తేది.
ఎన్ని చూపించావని ఒకసారి అడిగాను.
నిచ్చెన మెట్లు లెక్కపెట్టు, అన్నాడు.

అన్నీ కుదిరాక చెయ్యి తీసెయ్యాలి.
చెయ్యి ఉంటే అందులో గుండె ఉంటుంది,
గుండె కొట్టుకుంటే సముద్రం కొట్టుకుంటుంది.
పది దాటితే ఎండ నీళ్ళని మరిగిస్తుంది,
ఎంత అద్దమైనా ఎండమావికి లొంగుతుంది.
కాబట్టి ఇప్పుడే. ఎడమనించి కుడికి,
దున్నినట్టు, చాలు వెంట చాలు.

ఏడూ నలభైకి ఒక ఊపిరి లేచింది,
తెల్లగా, పొట్టిగా, ఒక పక్కకి ఒరిగి.
రేడియో మీదికి పోయిన చెయ్యి ఆపాను.
బయట బల్ల మీద వెల్లుల్లి ఒలుస్తున్న ఆయన్ని పిలిచాను.

వచ్చాడు. కుడి గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు,
అదేదో నాకు పాఠం చెప్తున్నట్టు.
చాలాసేపు చూశాడు.
"ఎడమకి వంగింది. మగది. ఒంటరిది."
అప్పుడు నొక్కాను రేడియో.

ఆయన వెళ్ళాక మళ్ళీ కన్ను పెడితే
సముద్రం అలుక్కుపోయి ఉంది.
ఎడమ రింగు తిరిగి ఉంది,
వెంట్రుకవాసి.
వెనక్కి తిప్పుకున్నాను.
మేకు చేతికందేంత దూరంలోనే ఉంది.
గీత గీయలేదు.