ముందు అసలుది

షార్జా, రోలా వెనక గల్లీ.
అబాయాల అంచుకు పూలు కుట్టే మిషిను
విండోస్ మాటే వింటది.
ల్యాప్‌టాప్‌ల ఉన్నది లినక్స్.
సేఠు లైసెన్సుకు పైసలియ్యడు.

రాత్రి పదకొండు గొట్టంగ వైన్ తెరిచిన.
"షార్జాల వైనా!" పోశెట్టి నవ్విండు.
ఏదో లైబ్రరీ దొరకలేదని
మూడోసారి అలిగింది.

పాత సీడీలకెల్లి అసలు ఫైలు తెచ్చి
పక్కన పెట్టి వరుస మార్చిన:
ముందు అసలుది,
అది లేకుంటే బదులుది.

సులేమానీ ఊదుకుంట అడిగిండు పోశెట్టి:
"గా బదులుదానికి ఎరికేనా
అది బదులుదని?"

ఆయన వీసా మీద పని: తోటమాలి.
ఆరేండ్లాయె, సూది తప్ప
మొక్క ముట్టలే.

ఓకే నొక్కిన.
మిషిను ఒకసారి దగ్గింది.
నల్లగుడ్డ మీద మొదటి రేక
జర వంకర పోయింది.
పోశెట్టి దారం మార్చెటందుకు లేచిండు.