సగం మాట

మొఖొత్లాంగ్ కొండల మీద సిగ్నల్ దొరికేది ఒక్క చోటే.
గొర్రెల దొడ్డి దాటి, రాతిగుట్ట ఎక్కి,
ఎడమకాలు పల్లంలో ఆనించి
తల కాస్త ఆగ్నేయానికి వంచితే
రెండు గీతలు.
గాలి మంచిదైతే మూడు.

అరవై ఒకటో ఏట మొఖేతి అక్కడికి బడికి వెళ్తున్నాడు.

అంకెలు అరిగిపోయిన ఫోను.
ఐదు నొక్కాలంటే కత్తిమొన కావాలి.
మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పాఠమే తిరిగి పిలుస్తుంది.
మొదటి వారమంతా అతను మర్యాద తప్పలేదు:
"బాగున్నారా అమ్మా? మీ వైపు మంచు పడిందా?"
అని అడిగి, జవాబు కోసం
టోపీ తీసి నిలబడేవాడు.
"ఇప్పుడు ఒకటి నొక్కండి" అనేదామె.
ఎంత తొందర మనిషో, అనుకున్నాడు,
ఎంతమంది పిల్లలో ఆమె బడిలో.

అది మనిషి కాదు, పట్టిపెట్టిన గొంతు అని చెప్పి
కొట్టుకాడ కతిసో పొట్ట పట్టుకుని నవ్వాడు.
మొఖేతికి నవ్వు రాలేదు.
మా అమ్మ మాటలు కూడా పట్టిపెట్టినవేగా,
ముప్పై ఏళ్ళుగా జవాబు చెబుతూనే ఉన్నాను.
పలకరింపు మానలేదు.
ఆగడం మాత్రం మానేశాడు,
బ్యాటరీ సంగతి తెలిసొచ్చింది.

ఈ వయసులో చదువెందుకు, అని
ఉన్ని కొట్టం గుమాస్తా అడిగాడొకసారి.
"నలభై ఏళ్ళు నీ పుస్తకంలో వేలు నొక్కాను బాబూ.
కత్తెర పట్టీ పట్టీ గీతలన్నీ అరిగాయి.
ఇప్పుడది ఎవరి వేలో
పుస్తకానికే తెలియడం లేదు."

ఆ రోజు గొంతు అంది: "ఇవాళ్టి మాట. రాసుకోండి."
బల్లపరుపు రాయి మీద బొగ్గుతో రాశాడు.
మొదటిది, గుండుతల చేతికర్ర.
రెండోది, ఆకాశం వైపు
గేటు తెరిచి వదిలేసిన దొడ్డి.
పు...
ఫోను చీకటైంది.

కింద కొట్టులో సోలార్ పలక ఉంది, ఐదు మలోటీలకు ప్రాణం పోస్తారు.
కానీ ఆ రాత్రే దారి మంచు కింద పోయింది.

నాలుగు రోజులు సగం మాటతో కాపురం.
నోట్లో వేసుకుని నమిలాడు, నిద్రలో పక్కకి జరిపాడు.
ఉప్పు మూట తెచ్చి ఇరుక్కుపోయిన కతిసో అన్నాడు:
"పూసో అయ్యుంటుంది. గవర్నమెంటు పాఠంలో
గవర్నమెంటు అనే మాటే ముందొస్తుంది."
మొఖేతికి నమ్మకం కుదరలేదు.
పోయినేడు చినుకు లేక పదకొండు పిల్లల్ని పోగొట్టుకున్నవాడికి
ఆ అక్షరాల వెనక ఒక్కటే వినిపిస్తుంది.
మూడో రాత్రి, పేడ మంట వెలుగులో,
బూటులాంటి అక్షరం ఒకటి,
గుడిసె కప్పులాంటిది ఒకటి చేర్చాడు:
పులా.
వాన.
ఎవరూ నొక్కమనకుండా రాసిన మొదటి మాట.
కుక్క వచ్చి వాసన చూసి వెళ్ళింది.

ఐదో రోజు మంచులో మోకాళ్ళ దాకా దిగుతూ వెళ్ళి
చార్జింగ్ పెట్టించి, తిరిగి గుట్టెక్కి,
ఎడమకాలు పల్లంలో పెట్టాడు.
పాఠం మళ్ళీ మొదట్నుంచి.
కర్ర. దొడ్డి. ఆ తర్వాత ఒక సున్నా, అంతే.
పూవొ.
భాష అని అర్థం, మాట్లాడటం అని కూడా.
"చాలా బాగుంది" అందామె,
తప్పు రాసినా అంటుంది, ఒప్పు రాసినా అంటుంది.

రాయి మీద వాన చెరపలేదు.
పక్కన కొంచెం ఖాళీ ఉంటే అక్కడ రాశాడు భాష,
కుదరక చివరి సున్నా అంచు మీంచి కిందికి జారింది.

ఉన్ని కోత కాలం. కొట్టం ముందు పొడుగాటి వరస.
గుమాస్తా అలవాటుగా సిరా డబ్బా మూత తీశాడు.
మొఖేతి పెన్ను అడిగాడు.
బొగ్గుకన్నా సన్నం, జారుతుంది, లొంగదు.
నాలుగక్షరాలు పడ్డాయి, ఐదోది గుర్తుకు రావడం లేదు.
వెనక ఎవరో దగ్గారు, ఎవరి గాడిదో ఓండ్ర పెట్టింది.
"ఆగండయ్యా," అన్నాడు తల ఎత్తకుండా,
"నాలో ఇంకా చార్జింగుంది."

గుమాస్తా మూత వేయలేదు.
అలాగని డబ్బాని
ముందుకీ జరపలేదు.