జ అని రాసి, హ అని చదివి

జీతం గంటకి పన్నెండు బొలీవియానోలు.
పని చదవడం.
ఒక్కో వాక్యం పక్కన ఒక్కో అంకె పెట్టడం.
సంతోషమైతే ఒకటి, కోపమైతే రెండు,
ఏదీ కాకపోతే సున్నా.

ఎల్ ఆల్టోలో నీళ్ళు ఆగిపోయిన తొంభై నాలుగు రోజుల్లో
జనం ఫేస్‌బుక్ గోడల మీద రాసుకున్నవన్నీ
ఒక పట్టీలోకి దించారు.
పద్దెనిమిది వేల రెండు వందల ఆరు వరుసలు.
పేర్లు కోసేశారు, ముఖాలు కోసేశారు,
మొక్కజొన్న పొత్తు తోలు ఒలిచినట్టు ఒలిచి
గింజలు మాత్రం మా ముందు పోశారు.

"ఎవరివో తెలీదు, అదే మంచిది" అంది ప్రొఫెసర్ చోకే.
"మనకి కావలసింది మనిషి కాదు, మనుషులు."
మాట బాగుంది. రాసుకున్నాను.

మా వైపు నవ్వుని జ అని రాసి హ అని చదువుతాం.
యంత్రానికి ముందే నేర్పారు:
జజజ కనబడితే సంతోషం.
అందుకే మొదటి విడతలో
నగరమంతా నీళ్ళు లేక తెగ సంబరపడింది.
గ్రాఫులో కరువు నెల పండగ నెలలా లేచి కూచుంది.
ఆ తప్పు దిద్దడానికే పెట్టుకున్నారు
ముగ్గురు అమ్మాయిల్ని, ఒక హీటర్‌ని.

"ట్యాంకరొచ్చింది జజజ, డ్రైవరుకి దాహమేసి మా ఇంట్లో నీళ్ళడిగాడు."
రెండు.
"మేయరు గారి కారు తళతళలాడుతోంది. దేవుడు చల్లగా చూడాలి."
రెండు.
"ఇవాళ తలంటుకున్నాను."
చాలాసేపు ఆగి, ఒకటి.

పదకొండో రోజు, టీ చల్లారిపోయాక, వరుస 4471:
"రాత్రి రెండింటికి చుక్కచుక్కగా వచ్చింది.
ముందు కుక్కకి పోశాను. మనిషైతే అడిగి తాగుతాడు.
ఆయన పోయాక ఇల్లు కడగడం ఇదే మొదలు జజజ."

కుక్క పేరు లేదు. వీధి లేదు.
కానీ 'మనిషైతే అడిగి తాగుతాడు' అనే మనిషి
నాకు తెలిసి భూమ్మీద ఒక్కతే.
డోన్యా సెవెరీనా తికోనా,
మా మెట్ల వరుసలో పైనుంచి మూడో తలుపు,
చిన్నప్పుడు నా జడలు బిగించి
కళ్ళు నుదుటికి లాగిన చేతులు.
ఆయన పోయి ఏడాది దాటింది.
ఇల్లు కడగలేదని మాకెవరికీ తెలీదు.
పట్టీకి తెలుసు.

ఒకటా? రెండా? సున్నానా?
మాకిచ్చిన సూచనల పుస్తకం పదిహేడు పేజీలు.
కడిగిన నేల గురించి ఏమీ లేదు.

వెతికి చూశాను, చెయ్యకూడని పనే.
గోడ మీద అది లేదు. తెల్లారేసరికి చెరిపేసుకుంది.
మా దగ్గర మాత్రం
ఆ నేల ఇంకా తడిగానే ఉంది.

సాయంత్రం కేబుల్ కారులో కొండెక్కుతూ
కింద వేల కప్పులు చూశాను, నీలం నీళ్ళ డ్రమ్ములు.
ఇంత ఎత్తు నుంచి అందరూ మనుషులే, ఎవరూ మనిషి కాదు.
ప్రొఫెసర్‌ని తప్పనలేను.
ఈ ఎత్తు నుంచే కదా తేలింది
మా వీధులకి ట్యాంకరు తొమ్మిది రోజులు ఆలస్యమని.
మేం నోటితో చెప్తే ఎవరు నమ్మారు?

మూడో తలుపు కొట్టాను. కుక్క వాసన చూసి ఊరుకుంది.
ఎండు దుంపలు నానబోసిన నీళ్ళు
పారబొయ్యకుండా గిన్నెలోకి వంపుతోంది.
చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలీదు.
చాలాసేపు దుంప తొక్క గిల్లింది.

"ఎంతమంది చదివారు?"
"ఇప్పటికి నేనొక్కదాన్నే."
"లెక్కకి పనికొస్తుందా?"
"వస్తుంది."
"ట్యాంకరు వాళ్ళని తిట్టినవి ఉంటాయి చూడు,
అవి ఉంచు. కావాలంటే పేరు కూడా పెట్టు.
ఇది తీసెయ్."

మర్నాడు పద్దెనిమిది వేల రెండు వందల ఐదు.
ప్రొఫెసర్ కారణం అడిగింది.
"అడిగితే తీసెయ్యమంది" అన్నాను.
కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"మిగతావాళ్ళని అడిగామా?" అంది,
నన్ను కాదు.

హీటర్ టిక్కుమంది.
వరుస 4472 తెరిచాను.
"జజ."
అంతే ఉంది.
ఇంకా అంకె పెట్టలేదు.